సువాసన కొవ్వొత్తి కొనే ముందు: మైనం, వత్తి, పరిమళం, పాత్ర

ఒక చలికాలమంతా పుస్తకాల అరలో సువాసన కొవ్వొత్తి వెలిగించాను. అది సోయా మైనంతో చేసినది. సోయా అయితే మసి రాదని చెప్పి ఎక్కువ ధరకు అమ్మారు, నేనూ నమ్మి కొన్నాను. చలి తగ్గాక అర శుభ్రం చేస్తుంటే తడిగుడ్డ నల్లబడింది. తల పైకెత్తి చూస్తే పై అర అడుగున అరచేయంత నల్లటి మచ్చ ఉంది. పుస్తకాల అంచుల మీద కూడా సన్నని మసి పొర.

తప్పు మైనానిది కాదు. ఆ మూడు నెలల్లో నేను వత్తిని ఒక్కసారి కూడా కత్తిరించలేదు. కిటికీ సందులోంచి వచ్చే గాలికి మంట ఎప్పుడూ ఊగుతూనే ఉండేది. పైగా మండే కొవ్వొత్తిని చెక్క అర కింద పెట్టాను. అర అంటుకోకపోవడం అదృష్టమని ఇప్పుడు తెలుసు. అప్పటి నుంచి కొవ్వొత్తుల గురించి శ్రద్ధగా చదివాను, రకరకాలవి తెచ్చి వెలిగించి చూశాను. నాకు అర్థమైనది ఇది: డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే మైనం పేరు మన ఊపిరితిత్తులకు చెప్పేది తక్కువ. వత్తి, పరిమళం, పాత్ర, వెలిగించే తీరు చెప్పేది చాలా ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో మైనాలకు ఒక్క మెట్టే ఇచ్చాను, మిగతా మెట్లన్నీ ఆ నాలుగింటికి వదిలాను.

మెట్టు 1: మండేది ఏమిటో తెలుసుకోండి

గట్టి మైనం మండదు. కరిగిన మైనం కూడా మామూలుగా మండదు. మంట వేడికి మైనం కరుగుతుంది, కరిగినది వత్తి పోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది, అక్కడ ఆవిరి అవుతుంది. మండేది ఆ ఆవిరి. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 19వ శతాబ్దంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించాడు. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పి, వత్తి నుంచి లేచే తెల్లటి పొగకు కాస్త దూరం నుంచే మంట అందిస్తే, ఆ పొగ వెంటే మంట కిందికి దిగి వత్తి మళ్లీ వెలుగుతుంది. ఆ తెల్లటి పొగ మైనపు ఆవిరే.

ఈ ఆవిరికి సరిపడా ఆక్సిజన్ అందితే చివరికి మిగిలేవి ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. అందకపోతే కార్బన్ రేణువులు మసిగా బయటికి వస్తాయి. నిజానికి కొవ్వొత్తి వెలుగులోని పసుపు రంగు కూడా మంటలో ఎర్రగా కాలుతున్న మసి రేణువులదే. అంటే ప్రతి కొవ్వొత్తీ మసిని పుట్టిస్తుంది. మంచి కొవ్వొత్తిలో ఆ మసి మంట కొన దాటకముందే కాలిపోతుంది. వత్తి పొడవు ఎక్కువైతే అది అవసరానికి మించి మైనాన్ని పైకి లాగుతుంది, ఆ ఆవిరికి గాలి చాలదు. గాలికి మంట ఊగినా అంతే, కాలవలసిన మసి కాలకుండానే తప్పించుకుంటుంది. మైనం సోయాదా, పెట్రోలియందా అన్నది ఈ లెక్కలో వెనకాల వచ్చే విషయం.

మెట్టు 2: మైనాలను వాటి గుణాలతో పోల్చండి

పారాఫిన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే భయం ఎక్కువగా దాని చుట్టూనే ఉంది. 1830లో కార్ల్ ఫాన్ రైహెన్‌బాఖ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని వేరుచేశాడు. ఇప్పుడు ఇది ముడిచమురు శుద్ధిలో వచ్చే ఉపఉత్పత్తి. రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. పూర్తిగా శుద్ధి చేసిన పారాఫిన్ తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. అందులో మిగిలే నూనె అర శాతం లోపే. చీజ్ ముద్దలకు, పళ్లకు పైపూతగా వేసేది కూడా ఈ కుటుంబానికి చెందినదే. అరకొరగా శుద్ధి చేసిన దానిలో నూనె ఒకటి నుంచి మూడు శాతం దాకా ఉండవచ్చు. అది తాకితే జిడ్డుగా ఉంటుంది, కొంచెం పసుపు తిరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిలు లాంటి వాసన లీలగా తగులుతుంది.

పారాఫిన్ పొగలో టోలూయిన్, బెంజీన్ అనే హానికరమైన రసాయనాలు ఉంటాయన్న మాట 2009లో బాగా ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలో ఒక రసాయన శాస్త్ర సదస్సులో సమర్పించిన పరిశోధన దానికి మూలం. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, జర్మనీలోని ఒక ప్రయోగశాల పారాఫిన్, సోయా, స్టియరిన్, పామ్, తేనెటీగల మైనాలను వెలిగించి పోల్చింది. వాటి పొగల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని తేల్చింది. ఆ రెండో పరిశోధనకు డబ్బు పెట్టినవి కొవ్వొత్తుల పరిశ్రమ సంఘాలు. కాబట్టి దాన్ని కళ్లు మూసుకుని నమ్మమని నేను అనను. కానీ మొదటి మెట్టులో చెప్పుకున్న మంట తీరును తలచుకుంటే, బాగా శుద్ధి చేసిన పారాఫిన్ సరైన వత్తితో, గాలి మారే గదిలో, అప్పుడప్పుడు వెలిగితే బెంబేలెత్తవలసిన పని లేదనే నా నమ్మకం. పారాఫిన్ మీద నాకున్న అభ్యంతరం వేరు: అది భూమిలోంచి తవ్వి తీసిన చమురు, మళ్లీ పండించుకోగలిగేది కాదు. పేరూ ఊరూ లేని కొవ్వొత్తిలో అది ఎంత శుద్ధి అయిందో తెలుసుకునే దారి లేకపోవడం ఇంకో అభ్యంతరం.

సోయా మైనం 1990లలో కొవ్వొత్తుల్లోకి వచ్చింది. సోయాచిక్కుడు నూనెకు హైడ్రోజన్ చేర్చి గట్టిపరిస్తే వస్తుంది. పాత్రల్లో పోసే రకం దాదాపు 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి పాత్రలో పోయడానికి బాగుంటుంది, నిలువు స్తంభంలా ఉండే కొవ్వొత్తికి ఒంటరిగా పనికిరాదు. నిదానంగా కాలుతుంది, ఎక్కువ గంటలు వస్తుంది. ఒలికితే వేడినీళ్లు, సబ్బుతో పోతుంది. దీని ఉపరితలం మీద మంచు పట్టినట్టు తెల్లటి చారలు కనిపిస్తే కంగారు పడకండి, అది ఈ మైనం సహజ లక్షణం, చెడిపోయిన గుర్తు కాదు. పోసిన తరువాత ఒకటి రెండు వారాలు కదపకుండా నిలవ ఉంచితేనే పరిమళం మైనంలో బాగా కుదురుకుంటుంది. చిన్న తయారీదారుల దగ్గర కొంటుంటే ఎప్పుడు పోశారో అడగడం మంచిది.

సోయా విషయంలో కొనేవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ‘సోయా మిశ్రమం’ అన్న మాట. అందులో సోయా ఎంతైనా ఉండవచ్చు, మిగతాది పారాఫినే కావచ్చు. మిశ్రమం కావడం నేరమేమీ కాదు. రెండు మైనాలు కలిస్తే పరిమళం మెరుగ్గా వ్యాపించే సందర్భాలు ఉన్నాయి. దాచడమే నేరం. డబ్బా మీద ‘సోయా’ అని కనిపిస్తే నూటికి ఎంతో చూడండి, రాయకపోతే అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట కొనకండి.

తేనెటీగల మైనం అన్నిటికంటే పాతది, ఖరీదైనది. పనిచేసే ఈగలు తమ పొట్ట అడుగున ఉండే గ్రంథుల నుంచి దీన్ని స్రవించి తేనెపట్టు కడతాయి. 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే ఎక్కువసేపు, కుదురుగా కాలుతుంది. దీనికి తనదైన తేనె వాసన ఉంది. ఆ వాసన మీద వేరే పరిమళం రుద్దడం నాకు ఇష్టం ఉండదు. తేనెటీగల మైనానికి సువాసన కలిపితే రెండు వాసనలూ చెడిపోతాయి. పాతబడిన స్వచ్ఛమైన మైనం మీద లేత బూడిదరంగు పొర పేరుకుంటుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ధర మరీ తక్కువగా ఉంటే పారాఫిన్ కలిపారని అనుమానించాలి.

ఈ మైనం గాలిలోకి రుణ అయాన్లు, అంటే రుణ విద్యుదావేశం ఉన్న కణాలు, వదిలి గదిని శుభ్రం చేస్తుందని చాలా చోట్ల రాస్తుంటారు. దీనికి ఆధారం లేదు. మండుతున్న ఏ కొవ్వొత్తీ గాలిని శుభ్రం చేయదు, గాలిలోకి ఎంతో కొంత చేరుస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లల గదిలో ఈ మాట నమ్మి కొవ్వొత్తి వెలిగించేవాళ్లు ఉంటారన్న ఆలోచనే నన్ను బాధపెడుతుంది.

కొబ్బరి మైనం పరిమళాన్ని బాగా పట్టుకుంటుంది, కానీ ఒంటరిగా మరీ మెత్తన. మార్కెట్లో కనిపించేది దాదాపు ఎప్పుడూ మిశ్రమమే. పామ్ మైనం గట్టిగా ఉండి, ఉపరితలం మీద స్ఫటికాల్లాంటి అందమైన నమూనాలు ఏర్పడతాయి. దాని వెనక అడవుల నరికివేత సమస్య ఉంది కాబట్టి, 2004లో ఏర్పడిన సుస్థిర పామాయిల్ రౌండ్‌టేబుల్ ధ్రువీకరణ ఉందేమో చూడండి. స్టియరిన్ కొవ్వు ఆమ్లాల నుంచి వస్తుంది, జంతువుల కొవ్వు నుంచి కావచ్చు, పామాయిల్ నుంచి కావచ్చు. శాకాహారులు మూలం అడిగి తెలుసుకోవాలి.

జెల్ కొవ్వొత్తి విషయంలో మాత్రం నా సలహా గట్టిది. పారదర్శకంగా, లోపల గవ్వలో పూలో తేలుతున్నట్టు కనిపించే ఇది ఖనిజ నూనెకు పాలిమర్ కలిపి చిక్కబరిచినది. మామూలు మైనం కంటే వేడిగా కాలుతుంది. ఖనిజ నూనెలో కలవని పరిమళాన్ని పోస్తే అది విడిపోయి ఒకచోట చేరి, ఒక్కసారిగా భగ్గుమనే ప్రమాదం ఉంది. లోపల అలంకరణకు పెట్టిన వస్తువు మండేదైతే రెండో వత్తిగా మారుతుంది. సువాసన కోసం జెల్ రకం కొనవద్దు.

మెట్టు 3: వత్తిని పరీక్షించండి

వత్తి గురించి అడిగే కొనుగోలుదారులు అరుదు. మంట ఎంత ఎత్తున ఉండాలో, మైనం ఎంత వేగంగా కరగాలో, మసి వస్తుందో రాదో నిర్ణయించేది ఇదే. నూలుతో అల్లిన వత్తి, కాగితం కలిపి అల్లినది, పలచటి చెక్కముక్క వత్తి, ఇవి మూడూ మంచివే. చెక్క వత్తి చిటపటలాడుతూ వెలుగుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ సరిగా కత్తిరించకపోతే మాటిమాటికీ కొండెక్కుతుంది.

కొన్ని వత్తులు నిటారుగా నిలబడడానికి మధ్యలో సన్నని లోహపు తీగ పెడతారు. ఇప్పుడు అది సాధారణంగా జింకు. ఒకప్పుడు సీసం వాడేవాళ్లు, అది కాలి గాలిలో చేరేది. లోహపు తీగలో బరువు లెక్కన 0.06 శాతానికి మించి సీసం ఉన్న వత్తులను అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం 2003లో నిషేధించింది. ఎక్కడ తయారైందో తెలియని పాత కొవ్వొత్తి ఇంట్లో ఉంటే ఇలా చూడండి: వెలిగించని వత్తి కొన దగ్గర పోగులు విడదీయండి. లోపల తీగ ఉంటే దాన్ని తెల్ల కాగితం మీద రుద్దండి. పెన్సిల్ గీత లాంటి బూడిదరంగు గీత పడితే అది సీసం కావచ్చు. ఆ కొవ్వొత్తిని వెలిగించకండి, పారేయండి.

తరువాత చూడవలసినవి మూడు. వత్తి సరిగ్గా నడిమధ్య ఉందా? ఒక పక్కకు జరిగితే ఆ పక్క గాజు అతిగా వేడెక్కుతుంది. పాత్ర నోరు తొమ్మిది, పది సెంటీమీటర్లు దాటితే ఒక్క వత్తి చాలదు, రెండో మూడో ఉండాలి. వెలిగించిన గంట తరువాత వత్తి కొనన పుట్టగొడుగులా పెద్ద కొడి కడుతోందా? కొద్దిపాటి కొడి ఏ దీపానికైనా మామూలే. ప్రతిసారీ బఠాణీ గింజంత అవుతుంటే ఆ వత్తి ఆ మైనానికి పెద్దదయిందని అర్థం. తయారీదారు ఆ జత కుదిర్చేందుకు తగినన్ని పరీక్షలు చేయలేదు. అక్కడ మళ్లీ కొనను.

మెట్టు 4: పరిమళంలో ఏముందో అడగండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టమని నా విన్నపం. సువాసన కొవ్వొత్తిలో పరిమళ ద్రవ్యం సాధారణంగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం ఉంటుంది. తలనొప్పి, తుమ్ములు, కళ్ల మంట వచ్చాయంటే నేను ముందుగా అనుమానించేది ఈ భాగాన్నే, మైనాన్ని కాదు.

‘సహజ సుగంధ తైలాలు మాత్రమే’ అన్న మాట చాలామందికి భరోసా ఇస్తుంది. ఆ భరోసాకు ఆధారం లేదు. నారింజ తొక్కలోని లిమోనీన్, లావెండర్‌లోని లినలూల్ పూర్తిగా సహజమైనవే. గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు లిమోనీన్ లాంటివి ఫార్మాల్డిహైడ్‌ను, అతి సూక్ష్మ రేణువులను పుట్టిస్తాయి. ఆక్సీకరణ చెందిన లిమోనీన్, లినలూల్ కొందరి చర్మానికి అలర్జీ తెస్తాయి. ఒక్కొక్క సహజ తైలంలో పదుల కొద్దీ పదార్థాలు ఉంటాయి. కృత్రిమ పరిమళంలో ఏముందో తయారుచేసినవాడికి కచ్చితంగా తెలుస్తుంది. అంటే కృత్రిమమైనదే మేలని కాదు. ‘సహజం’ అన్న ఒక్క మాటతో భద్రత తేలదు, అంతే.

మరి ఏమి అడగాలి? పరిమళ పరిశ్రమకు 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఒకటి ఉంది, దాన్ని ఐఎఫ్‌ఆర్‌ఏ అంటారు. ఏ పదార్థాన్ని ఏ రకం వస్తువులో ఎంత వరకు వాడవచ్చో అది పరిమితులు పెడుతుంది. తమ పరిమళ ద్రవ్యం కొవ్వొత్తుల విభాగానికి ఆ పరిమితులలోనే ఉందని చూపించే పత్రం మంచి తయారీదారు దగ్గర ఉంటుంది. అడిగితే చూపిస్తారు. రెండో ప్రశ్న థాలేట్ల గురించి. పరిమళాన్ని పలచన చేయడానికి, నిలబెట్టడానికి వాడే ఈ రసాయనాలలో కొన్ని హార్మోన్ల పనితీరుకు అడ్డు తగులుతాయి. థాలేట్లు లేని పరిమళ ద్రవ్యాలు సులువుగా దొరుకుతున్నప్పుడు ఉన్నవి కొనడంలో అర్థం లేదు.

యూరప్‌లో అమ్మే కొవ్వొత్తుల అడుగున ‘లినలూల్ ఉంది, అలర్జీ కలిగించవచ్చు’ లాంటి హెచ్చరిక కనిపిస్తుంది. 2008 నాటి 1272వ నంబరు నిబంధన ప్రకారం అక్కడ అది తప్పనిసరి. అలాంటి హెచ్చరిక ఉన్న కొవ్వొత్తిని పక్కన పెట్టి, ఏమీ రాయని దాన్ని తీసుకునేవాళ్లను చూశాను. అది తలకిందుల లెక్క. రాసిన చోట ఏముందో తెలిసింది. రాయని చోట అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. ‘స్వచ్ఛమైనది’, ‘విషరహితం’, ‘పర్యావరణ హితం’ అన్న మాటల మీద కంటే ఆ చిన్న అక్షరాల హెచ్చరిక మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మెట్టు 5: వాసన చూసి, గదికి తగినది ఎంచుకోండి

కొవ్వొత్తికి రెండు వాసనలు ఉంటాయి: వెలిగించకముందు మూత తీయగానే వచ్చేది ఒకటి, కరిగాక గదిలో పరుచుకునేది ఇంకొకటి. రెండూ ఒకేలా ఉండవు. నిమ్మజాతి వాసనలు మూత తీయగానే ముక్కుకు కొట్టి, వెలిగించాక త్వరగా పలచబడతాయి. వనిల్లా, గంధపుచెక్క, దాల్చిన చెక్క లాంటి బరువైనవి నిదానంగా లేచి చాలాసేపు నిలుస్తాయి. దుకాణంలో మైనం మీద ముక్కు ఆనించకుండా మూత లోపలి వైపు వాసన చూడండి, వెలిగించాక గదిలో వచ్చేదానికి అది కాస్త దగ్గరగా ఉంటుంది. మూడు నాలుగు చూశాక ముక్కు అలసిపోతుంది. బయటికి వెళ్లి రెండు నిమిషాలు మామూలు గాలి పీల్చి రండి.

చిన్న గదికి చిన్న కొవ్వొత్తి, లేత పరిమళం. తినే చోట వాసన లేని కొవ్వొత్తే మేలు, వంట వాసనతో పరిమళం పోటీ పడకూడదు.

మెట్టు 6: పాత్రను అనుమానంతో చూడండి

మంట కొన దగ్గర వేడి 1400 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ సెగ పక్కనే గంటల తరబడి నిలబడవలసినది పాత్ర. గాజు మందంగా, వేడికి తట్టుకునే రకంగా ఉండాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుని బుడగలు, వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. బల్ల మీద పెట్టి వేలితో కదపండి, ఊగితే వద్దు. అడుగు ఇరుకై పైన వెడల్పయిన అందమైన గ్లాసులు సులువుగా ఒరుగుతాయి. చెక్క గిన్నెలు, కొబ్బరి చిప్పలు ఫొటోల్లో ఎంత బాగున్నా కొనకండి, అవి స్వయంగా మండే వస్తువులు. రేకు డబ్బా పగలదు, కానీ అడుగు కాలుతుంది, కింద పింగాణీ పళ్లెం పెట్టాలి.

యూరప్ ప్రమాణాలలో అగ్ని భద్రతకు ఈఎన్ 15493, భద్రతా చిహ్నాలకు ఈఎన్ 15494, మసికి ఈఎన్ 15426 ఉన్నాయి. అమెరికాలో అగ్ని భద్రతకు ఏఎస్‌టీఎం ఎఫ్2417 ఉంది. డబ్బా మీద వీటిలో ఏదైనా కనిపిస్తే మంచి గుర్తు.

మెట్టు 7: మొదటిసారి ఓపికగా వెలిగించండి

మొదటిసారి వెలిగించినప్పుడు మైనం పాత్ర అంచుల దాకా కరిగే వరకు ఆర్పకండి. పాత్ర నోరు ప్రతి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుకు దాదాపు ఒక గంట పడుతుంది. మధ్యలోనే ఆర్పితే కరిగిన మేరకే గుంట పడుతుంది. తరువాత ఎన్నిసార్లు వెలిగించినా మైనం ఆ గుంటలోనే కరుగుతుంది, వత్తి నుయ్యిలోకి దిగినట్టు దిగిపోతుంది. అలా అయిపోతే పాత్ర నోటి చుట్టూ అల్యూమినియం రేకు కప్పి, నడుమ మంటకు గాలి అందేలా వెడల్పయిన రంధ్రం వదిలి, పక్కనే కూర్చుని కాసేపు వెలగనివ్వండి. అంచుల మైనం కరిగి మట్టం సమం అవుతుంది. రేకును చేత్తో తీయకండి, కాలుతుంది.

ఆ తరువాత ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని 6 మిల్లీమీటర్ల దగ్గర కత్తిరించండి. మైనం చల్లారాకే కత్తిరించాలి, రాలిన ముక్కలు మైనంలో ఉండనివ్వకూడదు. నా పుస్తకాల అర మీది మచ్చకు మందు ఇదొక్కటే, పావు నిమిషం పని. నాలుగు గంటలకు మించి ఏకబిగిన వెలిగించవద్దు, అప్పటికి కొడి కట్టి మంట ఎగసిపడుతుంది. ఆర్పి, చల్లార్చి, కత్తిరించి మళ్లీ వెలిగించవచ్చు.

కొవ్వొత్తి చుట్టూ కనీసం 30 సెంటీమీటర్ల మేర మండే వస్తువేదీ ఉండకూడదు: కర్టెన్లు, కాగితాలు, పరుపు, పైన అర. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం లెక్కల ప్రకారం అక్కడి ఇళ్లలో కొవ్వొత్తి అగ్నిప్రమాదాలు ప్రతి ఐదింటిలో దాదాపు మూడు, మండే వస్తువు మరీ దగ్గరగా ఉండడం వల్లే జరిగాయి. మూడో వంతుకు పైగా మొదలైనది పడకగదిలో. కాబట్టి నిద్ర వస్తోందనిపించిన క్షణమే ఆర్పేయండి, ఇంకో పేజీ చదివాక అనుకోకండి. పక్కపక్కనే రెండు మూడు వెలిగిస్తే వాటి మధ్య ఏడెనిమిది సెంటీమీటర్ల ఎడం ఉంచండి, లేకపోతే ఒకదాని సెగ ఇంకొకదాని మంటను ఊపుతుంది.

గాలి విషయం చాలామందిని తికమక పెడుతుంది: మంట మీదికి గాలి రాకూడదంటారు, గదికి గాలి కావాలంటారు. రెండూ నిజమే. ఫ్యాన్ కిందా కిటికీ వారగా కొవ్వొత్తి పెట్టకండి. గదికి ఇంకో వైపున తలుపో కిటికీయో కొంచెం తెరిచి ఉంచండి. ఆర్పాక కిటికీలన్నీ తెరిచి గదిలో గాలి పూర్తిగా మారనివ్వండి.

మెట్టు 8: సరిగా ఆర్పండి

నోటితో ఊదితే వేడి మైనం చిందవచ్చు, వత్తి పొగ గదంతా నిండుతుంది. చిన్న లోహపు కడ్డీతో వత్తిని కరిగిన మైనంలో ఒక్క క్షణం ముంచి మళ్లీ నిలబెడితే పొగ రాకుండా ఆరిపోతుంది, మరుసటిసారి సులువుగా అంటుకుంటుంది కూడా. పాత్రకు సరిపోయే లోహపు మూత ఉంటే మూసినా చాలు.

మైనమంతా అంటుకుని మంట పెద్దదైతే నీళ్లు పోయకండి. ఎంత కంగారులో ఉన్నా ఇది గుర్తుండాలి. వేడి మైనంలో పడ్డ నీరు ఒక్కసారిగా ఆవిరై 1600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, మండుతున్న మైనాన్ని గదంతా ఎగజిమ్ముతుంది. లోహపు మూతో, పాత్ర కంటే పెద్దదైన గిన్నో బోర్లించి గాలి ఆపండి. వెంటనే తెరిచి చూడకండి, చల్లారే దాకా వదిలేయండి.

ఎవరున్న ఇంట్లో ఆలోచించాలి

ఉబ్బసం, మైగ్రేన్ ఉన్నవాళ్లు, పసిపిల్లలు, వాసనలు పడని గర్భిణులు ఉన్న ఇంట్లో ఏ మైనం మేలన్న ప్రశ్న అనవసరం, పరిమళం వద్దనుకోవడమే మేలు. వెలుగు కావాలంటే వాసన లేని చిన్న కొవ్వొత్తి చాలు. పిల్లుల కాలేయం కొన్ని సుగంధ తైలాల పదార్థాలను మనలా వడకట్టలేదు, ముఖ్యంగా టీ ట్రీ తైలం వాటికి ప్రమాదం. పంజరంలో పక్షులుంటే ఆ గదిలో అసలు వెలిగించవద్దు. వాటి శ్వాస వ్యవస్థ చాలా సున్నితమైనది, మనకు తెలియనంత పొగ కూడా వాటికి హాని చేస్తుంది.

మంట లేకుండా మైనాన్ని వేడి చేసే విద్యుత్ దీపాలు, పళ్లేలు వచ్చాయి. మసి రాదు, నిప్పు భయం చాలా తగ్గుతుంది. పరిమళ ద్రవ్యం గాలిలో చేరడం మాత్రం అంతే ఉంటుంది, కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లకు ఇది పరిష్కారం కాదు.

చివరి మైనం

అడుగున పన్నెండు, పదమూడు మిల్లీమీటర్ల మైనం మిగలగానే ఆపేయండి. చివరి బొట్టు దాకా కాల్చాలనిపిస్తుంది, డబ్బు పెట్టి కొన్నది కదా. కానీ ఆ తరువాత మంట వేడి నేరుగా అడుగు గాజు మీద పడుతుంది, గాజు పగిలితే మండే మైనం బల్ల మీదికి పారుతుంది. మిగిలినది తీయాలంటే చల్లారిన పాత్రను ఫ్రీజర్‌లో కొన్ని గంటలు ఉంచండి. మైనం కుంచించుకుని గాజును వదిలేస్తుంది, మొద్దు కత్తితో లేపితే ముక్కలుగా వస్తుంది. సోయా మైనమైతే మిగిలిన జిడ్డు వేడినీళ్లు, సబ్బుతో పోతుంది, అయితే ముందుగా కాగితంతో తుడిచేయండి. కరిగిన మైనాన్ని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఖాళీ అయిన గాజును పెన్నులకో చిన్న మొక్కకో వాడుకోవచ్చు. తిరిగి కొవ్వొత్తిగా మాత్రం వాడవద్దు, ఎన్నో గంటల సెగ తగిలిన ఆ గాజులో ఎక్కడ సన్నని పగులు దాగి ఉందో కంటికి కనిపించదు.